వంకర కుట్టు

నేను కుట్టేది కాలర్లు.
గంటకు నూటపది.
చేతులు పక్క లైనోళ్ళు అతుకుతారు,
గుండీలు పై అంతస్తులో.
పీణ్యలో పదకొండేండ్లుగా
చొక్కా మొగం చూడకుండా
మెడలు కుడతాండా.

పోయిన ఉగాదికి ముందర
మిషను నా తలకాయలోకి దూరింది.
ఇంటికొచ్చినా ఆగదు.
ఎసట్లో టకటక,
దిండు కింద టకటక.
ఆకలి లేదు. ఏడుద్దామంటే ఏడుపూ రాదు.
పదిదినాలు జడేసుకోలేదు.
మా ఆయన గాలి సోకిందని తాయెత్తు కట్టించినాడు.
ఆ దారం అంచు పిగిలిపోయింటే
రాత్రంతా దాన్నే చూసినా:
ఇది లోపలికి మడిచి కుట్టాల,
ఇది లోపలికి మడిచి కుట్టాల.

పెద్దాసుపత్రిలో మాత్రలిచ్చినారు.
నిద్రొచ్చింది, నోరెండిపోయింది.
దాంతోబాటు బేస్తవారం మద్దేనం
ఒక గదిలో కూసోమన్నారు.
చాపలు, రంగు పెన్సిళ్ళు, తడిగుడ్డ కింద బంకమన్ను.
చైత్ర అని కన్నడ పిల్ల, లావు అద్దాలు,
"ఏమన్నా చెయ్యక్కా, చేతుల్తో" అనింది
వచ్చీరాని తెలుగులో.
నవ్వొచ్చింది నాకు.
చేతుల్తో చేసీ చేసీ కదమ్మా
ఈడికొచ్చింది.

పక్క చాపమీద సిద్ధలింగప్ప, సిటీ బస్సు డ్రైవరు.
నాలుగు వారాలు చక్రం ఒకటే గీసినాడు,
ఉత్త చక్రం, నల్లగా, కాగితం చినిగేదాకా.
ఐదో వారం దాని కింద
ఇంత రోడ్డు గీసినాడు.
ఎవరూ ఏమీ అనలేదు.
నేను చూసినా. నేను చూసింది ఆయన చూసినాడు.
అంతే.

ఆ దినమే సూది అడిగినా.

సూది ఇయ్యాలంటే పైన అడగాలంట.
రెండు వారాలు పట్టింది.
లెక్కపెట్టి ఇస్తారు, లెక్కపెట్టి తీసుకుంటారు.
ఫ్యాక్టరీలోనూ అంతే,
విరిగిన సూది ముక్కలన్నీ ఏరి చూపిస్తేనే
కొత్తది చేతికొస్తుంది.
కాకపోతే ఆడ వాళ్ళ భయం గుడ్డ గురించి.
ఈడ మా గురించి.
అది తట్టినప్పుడు మాత్రం
గొంతులో ఏదో కదిలింది.

కట్‌పీసులు కేజీ లెక్కన కొనుక్కొచ్చినా.
బొంత మొదలుపెట్టినా.
మా అవ్వ కుట్టేది, మడకశిరలో,
కొలతా లేదు గిలతా లేదు,
ఊరోళ్ళ సంగతులు ఎంత పొడుగుంటే
దారం అంత పొడుగు.
చెయ్యి అలిసినకాడ ముడి.

నా చేతికి అది రాలేదు.
అంగుళానికి పది కుట్లు, స్కేలు పెట్టినట్టు.
చైత్ర బాగుందక్కా అనింది.
బాగలేదు అని నాకు తెలుసు.
విప్పినా. మళ్ళీ కుడితే మళ్ళీ తిన్నగానే పోయింది.
మళ్ళీ విప్పినా.
వంకరగా కుట్టడానికి
నెల పట్టింది నాకు.

ఆ వంకర వచ్చిన మద్దేనం
కిటికీ బయట ఎవరో కొబ్బరి మట్టలు ఈడుస్తాండారు,
ఆ శబ్దం నాకు వినబడింది.
టకటక లేదని కాదు,
దాని మధ్యలో ఇది వినబడింది.

బొంత నడిమధ్యన ఒక కాలరు పెట్టినా.
నూనె మరక పడి పారేసిన ముక్క.
ఒక పక్క కుట్టకుండా వదిలేస్తే
మా చిన్నోడు దాంట్లో బస్సు పాసు దాస్తాండాడు,
ఊడిన పన్ను కూడా.
కడుక్కునేప్పుడు చూసుకోవాల.

బాగైపోయినానా అంటే ఏం చెప్పేది.
మాత్రలు సగానికి తగ్గించినారు.
గంటకు నూటపది అట్లనే ఉంది.
ఉమ్మస్తే ఇంగా దూది పోగులే.
జడ మాత్రం వేసుకుంటాండా.

"ఎప్పుడైపోతుందక్కా?" అంటాది చైత్ర.
దీనికి టార్గెట్ లేదమ్మా అంటా.

ఈ బేస్తవారం సిద్ధలింగప్ప రాలేదు.
డ్యూటీలో చేరినాడో,
మళ్ళీ గోడకు తిరిగి పండుకున్నాడో.
అడగబుద్ధి కాలేదు.
ఆయన చాపమీదికి బొంత చివర పరిచినా.
ఇంగా మూరెడు జాగా మిగిలుండాది.